తటాకసంతానము: కీర్తికామనయు బాలనధర్మమును

ఆంధ్రకావ్యముల అవతారికలు చదివినవారికి సప్తసంతానముల పట్టిక క్రొత్త కాదు. తనయుడు, నిధానము, కృతి, తటాకము, వనము, అగ్రహారము, దేవాలయము అను నీ యేడును మానవుడు లోకమున విడిచి పోదగిన సంతానములని కవులు చెప్పిరి. కృతిపతి తక్కిన యాఱింటిని బడసినవాడనియు, కొఱవడిన కృతికై కవిని రావించెననియు వర్ణించుట యొక సంప్రదాయముగా స్థిరపడినది. మెట్‌పల్లి, కోరుట్ల మొదలగు పట్టణముల పాఠశాలలయందేమి, విశ్వవిద్యాలయములయందేమి, ఈ ఘట్టము స్తుతిపాఠముగనే బోధింపబడుచుండును. విద్యార్థి యేడు పేరులను వల్లించిన జాలును, పాఠము ముగియును. ధనాశచే బలికిన ముఖస్తుతి యని దీనిని ద్రోసివేయు విమర్శకులును గలరు.

ఈ త్రోసివేత తొందరపాటు. కన్నకొడుకును, త్రవ్వించిన చెఱువును, నాటించిన తోటను ఒక్క సంఖ్యక్రింద జేర్చిన యీ పట్టికలో గంభీరమైన యాలోచన యొకటి దాగియున్నది. “ఈ బ్రతుకునకు ఫలమేది?” అని యడిగిన మనుజునకు నీటిని, చెట్టును జూపి, ఇవియు నీ బిడ్డలే యనుట సామాన్యమైన మాట గాదు. నేలను, నీటిని, అడవిని గాపాడుటను గూర్చి నేడు జరుగు చర్చలలో స్వార్థమును ఒక దరిని, ప్రకృతిరక్షణమును వేఱొక దరిని నిలిపి, మొదటిదానిని విడిచినగాని రెండవది సిద్ధింపదనువారు పెక్కురు. సప్తసంతానవాదము ఆ రెండు దరులనడుమ గట్ట వేసినది. ఆ కట్ట యెంతవఱకు నిలిచినది, ఎచ్చట గండిపడినది యనునదియే యిచట విచార్యము.

ఈ విచారమునకు మొదటి యాధారము కరీంనగరు సీమయందే లభించుచున్నది. గంగాధర మండలములోని కురిక్యాల గ్రామసమీపమున బొమ్మలమ్మగుట్టపై, క్రీ. శ. 945 ప్రాంతమున జెక్కబడిన జినవల్లభుని శాసనము సంస్కృత కన్నడ తెలుగు భాషలలో నున్నది. అందలి మూడు తెలుగు కందపద్యములు భాషాచరిత్రకారులకు బ్రీతిపాత్రములు. వాని ఛందస్సును గూర్చి వ్రాసినంతగా, శాసనము చెప్పు విషయమును గూర్చి మనవారు వ్రాయలేదు. జినవల్లభుడు కన్నడాదికవి పంపనికి దమ్ముడు. వేములవాడ చాళుక్యప్రభువగు రెండవ అరికేసరి యాస్థానమున పంపడు 941లో విక్రమార్జునవిజయమును రచించి, ధర్మవుర మను నగ్రహారమును బడసెను. దీనిని ప్రస్తుతపు జగిత్యాల జిల్లాలోని ధర్మపురిగా బరిశోధకులు కొందఱు గుర్తించిరి. అన్న యిట్లు కృతిని, అగ్రహారమును బడయగా, తమ్ముడు త్రిభువనతిలక మను బసదిని, కవితాగుణార్ణవ మను తటాకమును, మదనవిలాస మను వనమును గల్పించెనని శాసనము తెలుపుచున్నది. ఏడింటిలో నైదు సంతానములు ఇద్దఱు సోదరుల పక్షమున ఒక్క బండమీద నిలిచినవి.

ఇందలి నామకరణము విశేషముగా బరిశీలింపదగినది. కవితాగుణార్ణవుడు పంపని బిరుదు. జినవల్లభుడు చెఱువునకు దన పేరు పెట్టుకొనలేదు. రాజు పేరును బెట్టలేదు. అన్నయగు కవి బిరుదు పెట్టెను. కవితాగుణములకు సముద్రమగువాని పేరు నిజముగా నీరు నిలుచుచోట నుంచుటచే రూపకము వాచ్యార్థమైనది. అలంకారికులు దీనికేమి పేరు పెట్టుదురో కాని, ఒకని జీవితలక్ష్యము (ఇచట భ్రాతృకీర్తి) ఊరి నీటితో ముడివడిన తీరున కింతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకుట కష్టము. అయినను ఒక మాట మఱవరాదు. ఆ చెఱువు పేరు నేడు మనకు దెలియుట బండవలన, నీటివలన గాదు.

రెండవ యుదాహరణము కాకతీయులనాటిది. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువు నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున నున్నది. శాసనమున దాని పేరు ధర్మకీర్తిసముద్రము. ఇందలి “ధర్మకీర్తి” సమాసమునకు విగ్రహమెట్లు? ధర్మముయొక్క కీర్తి యని షష్ఠీతత్పురుషము జెప్పినచో జిక్కు లేదు. కాని యర్థము పలుచనగును. ధర్మమును గీర్తియు నని ద్వంద్వము జెప్పినచో నర్థము పుష్టినొందును గాని, ఇకారాంతమగు కీర్తిశబ్దము ఘిసంజ్ఞ గలదగుటచే దానికే పూర్వనిపాతము రావలసియున్నది. అట్లు గాక ధర్మశబ్దము ముందు నిలిచినది. అభ్యర్హితమైనది, అనగా నెక్కువ పూజ్యమైనది, ముందు నిలుచునను వార్తికముచే దీనిని సమర్థింపవచ్చును. ఈ రెండవ పక్షమే రుచించుచున్నది. చెఱువు త్రవ్వించిన యామె మనస్సున రెండు కోరికలును గలవు. వానిలో నేది ముందో పేరు పెట్టినవా రెఱుగుదురు. కీర్తికామనను దాచుకొనలేదు, దానిని ధర్మమునకు వెనుక నిలిపిరి. 1213లో పాలంపేటయందు రామప్పగుడిని, చెఱువును నిర్మించిన రేచెర్ల రుద్రుని శాసనమును ఈ దృష్టితోనే చదువవలెను. 2021లో ప్రపంచవారసత్వముగా గుర్తింపబడినది గుడి. ఆయకట్టునకు నీరిచ్చునది చెఱువు.

కీర్తికోరిక నిట్లు బహిరంగముగా నంగీకరించుట యొక్క తెలంగాణపు మర్యాద మాత్రమే కాదనుటకు దక్షిణమునకు, కడపమండలమునకు, పోవలసియున్నది. పోరుమామిళ్ల చెఱువుకట్టపై శకవర్షము 1291న, అనగా క్రీ. శ. 1369న, వెలసిన సంస్కృతశాసనము తటాకనిర్మాణమునకు లక్షణగ్రంథము వంటిది. మొదటి బుక్కరాయని కుమారుడగు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, దీనిని గట్టించెను. రెండేండ్లు దినమునకు వేయిమంది పనివాండ్రు, నూఱు బండ్లు పనిచేసిరని శాసనము లెక్క చెప్పుచున్నది. అందు జెఱువునకు బండ్రెండంగములు, ఆఱు దోషములు పరిగణింపబడినవి. గట్టి మన్ను గల నేల, తీయని నీటి యేఱు, ఏటికి నిరుప్రక్కల గొండ, వానినడుమ బొడవు మిక్కిలి గాక దృఢమైన రాతికట్ట, లోతైన విరివియైన గర్భము, చేరువ రాతిగని, సమతలమై ఫలవంతమైన పొలము, పని నేర్చినవారి సమూహము ఇత్యాదులు అంగములు. ఇవి యన్నియు నే యింజనీరైనను జెప్పునవి. కాని వీనికన్నిటికిని ముందు, మొదటి యంగముగా జెప్పబడినది రాజు: ధర్మపరుడు, ధనవంతుడు, సుఖి, కీర్తిని గోరువాడు. రెండవ యంగము జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు.

ఇది పరిశీలకుల దృష్టి కంతగా నానని విషయము. శాసనకర్త కీర్తికామనను జెఱువువలన గలుగు ఫలముగా జెప్పక, చెఱువుయొక్క యంగముగా జెప్పెను. రాయి, మన్ను, కొండ యెట్లు కారణసామగ్రిలోనివో, కట్టించువాని మనస్సులోని కోరికయు నట్లే కారణసామగ్రిలోనిది. రాయి లేని చెఱువు తెగును. కోరిక లేని చెఱువు పుట్టనే పుట్టదు. మీమాంసకులు కామ్యకర్మలను నిత్యకర్మలకంటె దక్కువగా జూతురు. ఈ స్థపతి యట్టి తారతమ్యము చేయక, కామ్యమును బునాదిలోనే పేర్చెను. సాహసమైన మాట, కాని యనుభవముమీద బలికిన మాట.

అయినను ఆ పండ్రెండంగములను మరల జదివినచో నొక లోపము కనబడును. చివరి యంగము నిర్మించు నేర్పరులు. నిర్మించినపిమ్మట గాచువాడు పట్టికలో లేడు. దోషములలో గట్టనుండి నీరూరుట, చవుటినేల, చెఱువునడుమ మెఱక, నీరు తక్కువై పొలము మిక్కుటమగుట, పొలము తక్కువై నీరు మిక్కుటమగుట గలవు. రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు గలదు. (ఈ కడపటిది కృష్ణాగోదావరీజలములకై నేడు రాష్ట్రములు సాగించు వ్యాజ్యములను జూచినవారికి వ్యాఖ్యాన మక్కఱలేనిది.) కాని పూడిక తీయకుండుట యను దోషము పేర్కొనబడలేదు. ఏలయన నవి చెఱువు పుట్టుటకు సంబంధించిన గుణదోషములు. బ్రతుకుటకు సంబంధించినవి కావు. కీర్తికామన స్వభావమే యట్టిది. అది యారంభమున బ్రబలము. శిలాశాసనము నాటినంతనే దాని పని దీఱును. మఱునాటినుండి కట్టపై ముండ్లచెట్లు మొలచును, తూము సడలును, ఒండ్రు చేరును. వీనిని దొలగించువానికి శాసనము లేదు.

పూర్వులీ చిక్కు నెఱుగకపోలేదు. దశబంధ మను మాన్యపద్ధతి యిందులకే పుట్టినది. చెఱువు కట్టించినవారికి గాని, బాగుచేయించి కాపాడువారికి గాని యాయకట్టులో బదియవ వంతు చొప్పున భూమి నిచ్చుట దీని స్వరూపము. కీర్తి నిలుపలేనిదానిని భుక్తిచే నిలుప యత్నించిరన్నమాట.

ఇక సాహిత్యము ఈ విషయమున నేమి చేసినది? నన్నయ భారతమున శకుంతల దుష్యంతునితో బలికిన పద్యము బాలురకును గంఠస్థము. నూఱు నూతులకంటె నొక బావి మేలు, నూఱు బావులకంటె నొక క్రతువు, నూఱు క్రతువులకంటె నొక కొడుకు, నూఱుగురు కొడుకులకంటె నొక సత్యవాక్యము మేలని దాని తాత్పర్యము. దీనినిబట్టి నూతులను మెట్టులలో నడుగున బెట్టి కవి జలదానమును దక్కువచేసెనని వాదించుట గలదు. అది తర్కమునకు నిలువదు. ఉత్తరోత్తరోత్కర్షను జెప్పు నలంకారమున మొదటి మెట్టు శ్రోత సందేహము లేక మేలని యంగీకరించునదై యుండవలెను. లేనిచో బైమెట్టులకు బలము లేదు. రాజునకు గొడుకుపై బ్రీతి లేదు, మాటపై నిలుకడ లేదు. కాని నూయి త్రవ్వించుట పుణ్యమను నమ్మకము మాత్రము గలదు. శకుంతల యా నమ్మకముపై గాలు మోపి పైకెక్కుచున్నది. కావున నిచట నూయి కొలమానము, నిందితము గాదు. ఒక చెఱువెండిన యూరిలో నూఱు గొట్టపుబావులు త్రవ్వినను నీరు పడకుండుట నేటివారెఱిగినదే గావున, ఈ గుణకారమును మెట్టపొలముల రైతులు వేఱొక విధముగను సమన్వయించుకొనవచ్చును. అయితే నన్నయ భూగర్భజలశాస్త్రము జెప్పెననుట మాత్రము అతివ్యాప్తి.

ఈ పనులన్నిటికిని శాస్త్రమున పూర్తమని పేరు. యజ్ఞాదికము ఇష్టము, వాపీకూపతటాకాదికము పూర్తము, రెండును గలిసి యిష్టాపూర్తము. ఇష్టశబ్దమును గోరదగినది యను నర్థమున గ్రహించుట పొరపాటు. అది యిచట యజధాతుజము. అయినను ఇషుధాతువుననుండి కోరిక నర్థముగా గల యిష్టశబ్దమును సరిగా నిట్టి రూపముననే పుట్టుటచే, లోకులు చేయు నాపొరపాటున గూడ గొంత యందము గలదు.

పూర్తశబ్దము పౄధాతువుపై నిష్ఠాప్రత్యయము రాగా నేర్పడినది. నిష్ఠాతకారమునకు రావలసిన నకారమును ధ్యా, ఖ్యా, పౄ, మూర్ఛ, మద ధాతువుల విషయమున బాణిని యెనిమిదవ యధ్యాయము రెండవ పాదమున నిషేధించెను. కావుననే పూర్తమని నిలిచినది. ధాతుపాఠమున నీ ధాతువునకు జెప్పబడిన యర్థములు రెండు: పాలనము, పూరణము. ఆ రెంటిలో బాలనమే ముందు చెప్పబడుట గమనింపదగినది. అమరసింహుడు పూర్తమనగా ఖాతాదికర్మ యని వివరించుటచే త్రవ్వుట ప్రధానమై, పాలనము “ఆది” శబ్దములో నణగిపోయినది. కోశమును గంఠస్థముచేసిన పండితలోకము త్రవ్వుటనే పూర్తమనుకొన్నది. ధాతువు నడిగినవారు లేరు. తెలుగున నీ ధాతుజమగు పూర్తిశబ్దమునకు బట్టిన గతి యింకను విచిత్రము. “పని పూర్తియైనది” యన్నచో నిక దాని జోలి యక్కఱలేదని యర్థము. పాలన మర్థముగా గల ధాతువునుండి పుట్టిన మాట, పాలనమును జాలించుటకు బేరైనది!

సంతానశబ్దమునకును విస్తారార్థకమగు తనుధాతువే మూలము. ఎడతెగక సాగునది సంతానము. సంతతమను మాటయు నీ కుదురునుండి వచ్చినదే. పుట్టి యాగిపోవునది సంతానము గాజాలదు. రఘువంశప్రథమసర్గమున గాళిదాసు దిలీపుని వర్ణించుచు, ప్రజలకు వినయము గఱపి, కాచి, పోషించుటచే నతడే వారికి దండ్రియయ్యెననియు, కన్నవారు పుట్టుకకు మాత్రమే హేతువులైరనియు జెప్పెను. ఈ శ్లోకమును జెప్పని సంస్కృతపాఠశాల లేదు. దీనిని తటాకసంతానమునకు గూడ నన్వయింపవలదా? త్రవ్వించినవాడు జన్మహేతువు. ఏటేట బూడిక తీసి, తూము చక్కబఱచి, మత్తడిని గాచినవాడు తండ్రి. సప్తసంతానములను గీర్తించిన కవులు జన్మహేతువులకే కృతులిచ్చిరి, తండ్రులను విడిచిరి. ఆ సంప్రదాయమున గండి పడినచోటిదియే.

కవులకు స్వపక్షాభిమానము గూడ గొంత గలదు. కొడుకు చచ్చును, ధనము తఱుగును, చెఱువు తెగును, గుడి కూలును, కృతియొక్కటే యెన్నటికిని నిలుచునని వారు వాదించిరి. తాటాకుల నెలుకలు, చెదలు దినుచుండగా, లేఖకుడు మరల వ్రాయనిచో నేకృతియు రెండుమూడు శతాబ్దములు నిలువదని పరిశోధకు లెల్లరు నెఱుగుదురు. పేరు మాత్రము మిగిలిన కావ్యములు మనకు గొల్లలు. పూడిక తీయువా డెంతవాడో, ప్రతి వ్రాయువాడు నంతవాడు. కృతికిని దటాకమునకును ఈ విషయమున భేదము లేదు.

కీర్తిమార్గమునకు బూర్తిగా బ్రతియైన మార్గమును జూపినవాడు బమ్మెర పోతన. దశమస్కంధమున గృష్ణుడు వేసవియెండలో మిత్రులతో నడచుచు, నీడనిచ్చు చెట్లను జూపి పలుకు ఘట్టము గలదు. ఎవ్వరికి నపకారము సేయవు, ఏకాంతమున నుండును, ఎండ చలి గాలి వానల నడ్డగించును. పట్ట, వాసన, బంక, బూడిద, చిగురు, తేనె, వేరు, పువ్వు, నీడ, పండు అను వానిచే నర్థులకు నుపకరించును. ఇది యుపమానము గాదు; పశులకాపరి యెఱిగిన పట్టిక. కాలినపిమ్మట మిగులు బూడిదను గూడ గవి విడువలేదు. వ్యాసభాగవతమున నీ సందర్భముననే ప్రాణములచేత, ధనముచేత, బుద్ధిచేత, వాక్కుచేత నితరులకు మేలొనర్చుటయే జన్మసాఫల్యమను నిర్వచనము గలదు. జీవితలక్ష్యమేది యను ప్రశ్నకు వృక్షమునే సమాధానముగా జూపిన స్థలమిది. ఏకాంతమున నుండు చెట్టునకు గీర్తి యక్కఱలేదు; పోరుమామిళ్ల శాసనము మొదటి యంగముగా జెప్పినది దానియందు లేదు. ఘట్టము మనోహరము. అయితే సాధారణగృహస్థునకు జెట్టువలె నుండుమని చెప్పిన నాచరణ మెంత సాధ్యము? పోతన చూపినది పరమావధి; శాసనకర్త చూపినది సామాన్యుని మనస్సు. ఈ రెంటినడుమ నున్న మార్గమును గావ్యములందు గాక, ఊళ్లయందు వెదకవలసియున్నది.

మెట్‌పల్లి ప్రాంతమున బతుకమ్మపండుగ యట్టి మార్గములలో నొకటి. భాద్రపదామావాస్యనుండి తొమ్మిదిదినములు స్త్రీలు తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపువ్వులను బేర్చి, ఆడి పాడి, చెఱువునకో కుంటకో కొనిపోయి నీట విడుతురు. వారు కోరునది బిడ్డల క్షేమము, ఇంటి సౌభాగ్యము, బ్రతుకు. కీర్తి గాదు. ఆ కోరిక చెల్లుటకు గట్టుక్రింద నీరుండవలెను, బీడున దంగేడుండవలెను. పండుగకు ముందు రేవు బాగుచేయక తప్పదు. రాజు కోరిక జీవితమున నొకమాఱు చెఱువుకడకు వచ్చును. వీరి కోరిక యేటేట వచ్చును. 2014లో నిది రాష్ట్రపుబండుగ యైనది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయసాహిత్యమును బరిశోధించి పండితులకు జూపినపిమ్మట గూడ, ఈ పాటలను బూర్తధర్మమునకు సాక్ష్యముగా జదివిన విమర్శ యరుదు.

రెండవ మార్గము రైతుది. 1963లో బోచంపాడున శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరమునుండి వచ్చు కాలువకు గాకతీయుల పేరు పెట్టిరి. 2015లో 46,531 చెఱువులు, కుంటలు బాగుచేయుట కారంభింపబడిన పనికిని గాకతీయుల పేరే పెట్టిరి. కట్టినవారి కీర్తి బాగుచేయుపనికి గూడ నెరువు వచ్చినది. కాని యా పనిలో బేరుకంటె మన్ను ముఖ్యము. చెఱువున దీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో దమ పొలములకు దోలుకొనిరి. ఒండ్రు చేరిన నేల సారవంతమగును, తేమ నిలుచును, కొన్న యెరువు కొంత తగ్గును. చెఱువునకు దోషమైనది చేనికి గుణమైనది. అర్థపురుషార్థము పాలనధర్మమును మోసినచోటిది. పోరుమామిళ్ల స్థపతి యీ మట్టిబండ్లను జూచియుండినచో బదుమూడవ యంగమును జేర్చియుండును.

కట్టను గాచి, తూమెత్తి, మడిమడికి నీరు పంచిన నీరటికాని పేర నంకితమైన కృతి యొక్కటియు గానరాదు. కళ్లములో గొలిచి యిచ్చిన ధాన్యమే యతనికి బహుమానము. 1974లో పి. వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వమున గరీంనగరు జిల్లా శాసనసంపుటము వెలువడినది. అందు జెఱువులు త్రవ్వించినవారి పేరులను జరిత్రకారు లిదివఱకే యేఱుకొనిరి. కట్ట బాగుచేయుటకును, తూము గాచుటకును, కాలువ త్రవ్వి నీరు పంచుటకును విడిచిన మాన్యముల ప్రస్తావములను వేఱుపఱచి, వానియందలి పదజాలమును నిఘంటువులతో సరిచూచుట యీ సీమ పండితులు చేపట్టదగిన పని.